80 మీటర్ల నురగ దాటడానికి 64 రోజులు: కయాక్ వేట డైరీ

1వ రోజు

నేనూ బావా ఆర్నెల్లుగా చెరువులో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద గాలం వేస్తున్నాం. ఇవాళ మొదటిసారి సముద్రపు చార్టు ముందేసుకుని కూర్చున్నాం. ఒడ్డుకు 4.5 కిలోమీటర్ల దూరంలో, 22 మీటర్ల లోతున ఒక రాతి దిబ్బ ఉంది. చుట్టూ అంతా ఇసుక, మధ్యలో అదొక్కటే రాయి. అలాంటి చోట చిన్న చేపలు తలదాచుకుంటాయి, వాటి కోసం పెద్దవి తిరుగుతుంటాయి. మా తెడ్డు వేగం గంటకు 5 కిలోమీటర్లు. అంటే 54 నిమిషాల్లో చేరొచ్చు. చార్టు మీద చూస్తే జానెడు దూరం కూడా లేదు.

చిక్కల్లా ఏమిటంటే దగ్గర్లో రేవు లేదు. బట్టబయలు ఇసుక ఒడ్డు. విరిగే కెరటాల్లోంచే దిగాలి, మళ్ళీ వాటిలోంచే ఎక్కాలి.

"అదేముంది, రెండు అలలు దాటితే అవతలంతా సాఫే" అన్నాడు బావ. నేనూ తలూపాను. ఎప్పుడో ఒకరోజు ఎత్తి చూపడానికి పనికొస్తుందని ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

4వ రోజు

సామాన్ల లెక్క. నాలుగు రాడ్లు, గాలాల సామాను ఉండే రెండు టాకిల్ పెట్టెలు, ఫిష్ ఫైండర్ (నీటి అడుగునూ చేపలనూ తెర మీద చూపేది), దాని బ్యాటరీ, లంగరు, దాని తాడు 60 మీటర్లు, ఐసు సంచి, చేపను లాక్కోవడానికి కొక్కెం, కెమెరా, కెమెరాకి స్టాండు. అన్నీ కాటా మీద పెడితే 27 కిలోలు. కయాక్ ఖాళీది 32 కిలోలు. అదనంగా నేను.

జాబితాలో 90 శాతం చేపలు పట్టే సామాను, 10 శాతం మనిషి బతికే సామాను. అది రాసేటప్పుడు తట్టలేదు, కాటా మీద కుప్ప చూశాక తట్టింది.

11వ రోజు

ఇవాళ కయాక్ తీసుకెళ్ళలేదు. నోటుబుక్కు, స్టాప్‌వాచ్ పట్టుకుని పొద్దున్నే ఒడ్డున కూర్చున్నాను. ఈ మొత్తం ప్రాజెక్టులో ఇంతవరకూ చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే.

ముందు ఎత్తు. ఒడ్డు నుంచి కెరటం ఎత్తును కంటి అంచనాతో చెబితే తప్పక తప్పుతుంది. దానికో చిట్కా ఉంది. నీటి అంచున నిలబడి, కెరటం తల సరిగ్గా దిగంతపు గీతకు ఆనేదాకా మెల్లగా కిందికి వంగాలి. అప్పుడు నీటి మట్టం నుంచి మన కన్ను ఎంత ఎత్తులో ఉందో కెరటం కూడా ఇంచుమించు అంతే ఎత్తు. నేను గొంతుక్కూర్చోవాల్సి వచ్చింది. కొలిస్తే 75 సెంటీమీటర్లు. నిలబడి చూస్తే ముచ్చటగానే ఉంది. కయాక్‌లో కూర్చున్న మనిషికి అదే కెరటం ఛాతీ దాటి వస్తుంది.

తర్వాత ఎక్కడ విరుగుతోంది అన్నది. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. మీటరు అలయితే 1.3 మీటర్ల నీళ్ళలో. కాబట్టి నురగ ఎక్కడ మొదలవుతోందో చూస్తే అడుగున ఇసుక తిన్నె ఎక్కడుందో తెలిసిపోతుంది. ఈ ఒడ్డున ఒక తిన్నె ఉంది, ఒడ్డుకు 80 మీటర్ల దూరంలో. తిన్నెకూ ఒడ్డుకూ మధ్య కాస్త లోతు, అక్కడ నీళ్ళు కొంచెం నెమ్మదిగా ఉన్నాయి.

ఇక అసలు లెక్క. దూరం నుంచి వచ్చే అలలు వరసగా ఒకేలా రావు. గుంపులుగా వస్తాయి. ఐదారు పెద్దవి ఒకదాని వెనక ఒకటి వచ్చి కొట్టాక, కాసేపు సముద్రం ఊపిరి తీసుకున్నట్టు సద్దుమణుగుతుంది. ఆ విరామంలోనే దాటాలి. బరువుతో నా వేగం సెకనుకు 1.4 మీటర్లు, 80 మీటర్లకు 57 సెకన్లు. అరగంట కూర్చుని రాసుకున్న విరామాలు: 2 నిమిషాల 10 సెకన్లు, 1 నిమిషం 35, 3 నిమిషాలు, 50 సెకన్లు, 2 నిమిషాలు.

ఆ 50 సెకన్ల దాన్ని ఎర్ర పెన్నుతో చుట్టాను. అది ఎంచుకుని ఉంటే ఒడ్డుకి తిరిగొచ్చేది కయాక్ ఒకవైపు, నేను ఒకవైపు. అన్నిటికన్నా పొట్టి విరామం ఏదో ముందే చెప్పే మార్గం లేదు. కాబట్టి చెయ్యగలిగింది ఒక్కటే, గుంపులోని చివరి పెద్ద కెరటం విరిగిన మరుక్షణం కదలడం. విరామం మధ్యలో "ఇప్పుడు బాగుంది కదా" అని బయల్దేరకూడదు.

కుడివైపు ఒకచోట నీళ్ళు ముదురు రంగులో, నున్నగా, నురగ లేకుండా ఉన్నాయి. తేలే చెత్త అక్కడ ఒడ్డుకు రాకుండా లోపలికి పోతోంది. రిప్ కరెంట్. ఈతగాళ్ళను సముద్రంలోకి ఈడ్చుకెళ్ళేది అదే, కానీ కయాక్‌కి మాత్రం అదొక బాట. తిన్నెలో తెగిన చోటు కాబట్టి లోతెక్కువ, కెరటాలు తక్కువ, పైగా ప్రవాహం మనల్నే ముందుకు నెడుతుంది. అయితే వెళ్ళడానికే. తిరిగి రావడానికి అదే దారి పట్టుకుంటే ఎదురు ప్రవాహం, పైగా ఎదురు ప్రవాహం మీద అలలు ఇంకా నిటారుగా లేస్తాయి. వచ్చేటప్పుడు 60 మీటర్లు ఎడంగా, కెరటం మెత్తగా జారి పడుతున్న చోట దిగాలి. వెళ్ళే తలుపు ఒకటి, వచ్చే తలుపు ఒకటి.

16వ రోజు

ఆటుపోట్ల పట్టిక. రాత్రి 11 దాకా దీంతోనే సరిపోయింది, కానీ సరదాగానే ఉంది.

రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. నీళ్ళు ఆరు గంటలు ఎక్కితే ఆరు గంటలు దిగుతాయి, కానీ సమానంగా కాదు. పాత నావికుల లెక్క ప్రకారం మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున కదులుతుంది. మొదట్లో, చివర్లో నెమ్మది, మధ్యలో జోరు.

మాకు కావల్సింది వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ తిన్నె మీద తగినంత నీరు. పోటు ఉదయం 8కి ఉన్న రోజు తీసుకుంటే, 6కి బయల్దేరి 10కి తిరిగొస్తాం. పోటుకు రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత. రెండు సార్లూ నీరు గరిష్ఠ మట్టానికి పావు వంతే తక్కువ. చూసిన తిన్నే, చూసిన లోతే మళ్ళీ కనిపిస్తుంది.

మరి 10కి బదులు 12కి వస్తే? 1+2+3+3. ముప్పావు వంతు నీళ్ళు వెళ్ళిపోయి ఉంటాయి. తిన్నె దాదాపు తేలుతుంది, మెత్తగా జారిన కెరటం కాస్తా నిటారుగా లేచి ఒక్కసారిగా కూలుతుంది. చేపలు పడుతున్నాయి కదా ఇంకో అరగంట ఉందాం అనే మాట ఎంత ప్రమాదమో ఈ కూడికతో తేలింది. 8:50కి గాలాలు పైకి. చేప కొరుకుతున్నా సరే.

పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి 8 గంటల పోటు మళ్ళీ దాదాపు రెండు వారాలకు గానీ రాదు. మేం ఎంచుకున్న ఒడ్డున అది అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో పడుతోంది, అంటే ఆటుపోట్ల తేడా కూడా పెద్దగా ఉండే రోజులు. మరో ఒడ్డున ఇదే గంట ఇంకో తిథికి పడొచ్చు.

23వ రోజు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చెరువులో పడడం, మళ్ళీ ఎక్కడం ప్రాక్టీసు.

మావి మూసిన పెంకు మీద కూర్చునే రకం కయాక్‌లు. కూర్చునే చోట నీళ్ళు నిలవవు, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోతాయి. తిరగబడితే అడ్డంగా చేయి చాచి, అవతలి అంచు పట్టుకుని, బరువు వెనక్కి వేసి మళ్ళీ నిలబెట్టాలి. తర్వాత కాళ్ళు నీటి మీదికి తెచ్చి తన్నుతూ బోర్లా పైకి పాకాలి, పొట్ట ఆనాక తిరిగి కూర్చోవాలి, చివర్లో కాళ్ళు లోపలికి. చెప్పడానికి రెండు వాక్యాలు. మొదటిసారి నాకు పట్టింది 4 నిమిషాల 20 సెకన్లు, అదీ చెరువులో, నిలకడ నీళ్ళలో. లైఫ్ జాకెట్ ముందు జేబుల్లో కుక్కిన పెట్టెలు ప్రతిసారీ అంచుకు తట్టుకుని వెనక్కి నెట్టాయి. జేబులు ఖాళీ చేస్తే 1 నిమిషం 50.

ఐదోసారికి కయాక్ మందకొడిగా తోచింది. ఒక పక్కకు ఒరుగుతోంది, నిలబెడుతుంటే లోపల గుడగుడ. నాకు బలం తగ్గిందనుకున్నాను. ఒడ్డుకు లాగి చూస్తే వెనక డ్రెయిన్ ప్లగ్ (పెంకులోని నీళ్ళు వంపే రంధ్రానికి బిగించే బిరడా) లేదు. అది ఇంట్లో, కిటికీ గట్టు మీద, నేనే ఆరబెట్టిన చోట ఉంది. పెంకులో చేరిన నీళ్ళు బకెట్‌తో కొలిస్తే 41 లీటర్లు, అంటే 41 కిలోలు. లోపలి నీళ్ళు ఒక పక్కనే ఉండవు, మనం ఎటు ఒరిగితే అవీ అటే పరుగెత్తి ఒరుగును రెట్టింపు చేస్తాయి.

ఇప్పుడు ప్లగ్‌ను తాళ్ళతో కారు తాళానికి కట్టాను. ప్లగ్ బిగించకుండా కారు తాళం దాచుకోలేను. బావ నవ్వాడు. సాయంత్రానికి తనూ కట్టుకున్నాడు.

30వ రోజు

కెరటాల్లో మొదటిసారి. అర మీటరు అలలు, ఖాళీ కయాక్, హెల్మెట్. ఇవాళ ఏడుసార్లు పడ్డాను. బావ నాలుగుసార్లే పడ్డాడు, ఆ సంఖ్య ఈ వారమంతా వినాల్సి వస్తుంది.

వెళ్ళడం అనుకున్నంత కష్టం కాదు. మోకాలి లోతులో ముక్కు నేరుగా అలలకు పెట్టి పట్టుకుని నిలబడాలి. గుంపు అయిపోగానే ఎక్కేసి తెడ్డు వేయాలి. సీటు సర్దుకోవడం, టోపీ సర్దుకోవడం అన్నీ తర్వాత. కెరటం మీదికి వచ్చేటప్పుడు భయంతో వెనక్కి వాలితే ముక్కు లేచి పల్టీ. ముందుకు వంగి, తెడ్డు నీళ్ళలోనే ఉంచి లాగుతూ ఉండాలి. తెడ్డును మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నానో, నీటి దెబ్బకు అది నేరుగా పళ్ళ మీదికే వచ్చింది. పెదవి చిట్లింది. ఒక్కసారితో పాఠం వచ్చేసింది.

రావడమే అసలు కథ. వెనక నుంచి వచ్చే కెరటం కయాక్ తోకను ఎత్తుతుంది. ముక్కు కిందికి పెట్టి జారుడుబల్ల మీదిలా పరుగు మొదలవుతుంది. ఒక సెకను మహా ఆనందంగా ఉంటుంది. రెండో సెకనులో తోక ముక్కును దాటి ముందుకు పోవాలని చూస్తుంది, కయాక్ అడ్డం తిరుగుతుంది. అప్పుడు సహజంగా ఒళ్ళు ఒడ్డువైపు, అంటే కెరటానికి దూరంగా వాలుతుంది. అటు వాలిన మరుక్షణం ఒడ్డువైపు అంచు నీళ్ళలో తెగి కయాక్ బోల్తా. ఏడులో ఐదు అలాగే. వాలాల్సింది నురగ వైపే. కొడుతున్న దాని ఒళ్ళో తల పెట్టినట్టు, తెడ్డు రెక్క నురగ మీద ఆనించి దాని మీద బరువు వేయాలి. ఆ నురగ మనిషిని మోస్తుందని మనసు నమ్మదు. ఆరోసారి నమ్మింది. పక్కకు జారుతూ, ఒరిగి, ఒడ్డు దాకా వచ్చి ఆగాను. బావ ఈల వేశాడు.

ఇంకోటి, ఇది ఎవరికైనా మొదట చెప్పాల్సింది. పడ్డాక కయాక్‌కూ ఒడ్డుకూ మధ్యలో ఉండకూడదు. ఎప్పుడూ సముద్రం వైపే. మూడోసారి పడ్డప్పుడు అలవాటుగా ఒడ్డువైపు లేచి నిలబడ్డాను, మోకాలి లోతే కదా అని. వెనక కెరటం కయాక్‌ను అడ్డంగా ఎత్తి విసిరింది. తొడ మీద తగిలింది. 32 కిలోల ఖాళీ పెంకుకే నాలుగు రోజులు కుంటుతాననిపిస్తోంది. నిండా సామాన్లతో, లోపల 41 లీటర్లతో అయితే?

36వ రోజు

సామాన్ల లెక్క మళ్ళీ. కుంటుతూ.

ఇప్పుడు ఒక్కో వస్తువునూ "చేప పట్టడానికి కావాలా" అని కాకుండా "తిరగబడితే ఇది ఏం చేస్తుంది" అని అడిగాను. నిలబెట్టిన రాడ్లు బల్లేలవుతాయి. నాలుగు కాస్తా రెండు, అవీ కెరటాలు దాటేదాకా పెంకు లోపలే. ఫిష్ ఫైండర్ తెర కూడా విప్పి లోపలే, బయటికొచ్చాక బిగించుకోవాలి. బ్యాటరీ 7 ఆంప్-అవర్, ఫైండర్ లాగేది 0.6 ఆంప్, పది గంటలకు పైనే వస్తుంది, కాబట్టి రెండో బ్యాటరీ అనవసరం. కెమెరా స్టాండు పోయింది, ఎవరూ ఏడవలేదు.

లంగరు మీద పెద్ద వాదన. రాతి దిబ్బ మీద నిలకడగా ఉండాలంటే లంగరు కావాలన్నాడు బావ. నిజమే. కానీ ప్రవాహంలో లంగరు తాడు కయాక్ నడుముకి వచ్చిందంటే పక్కకు లాగి ముంచేస్తుంది. తాడును ముక్కుకో తోకకో జరిపే కప్పీ ఏర్పాటు ఉండాలి, చటుక్కున వదిలేసే ముడి ఉండాలి, రాళ్ళలో ఇరుక్కుంటే కోసేసే కత్తి ఉండాలి. ఇవన్నీ నేర్చుకోకుండా మొదటి ట్రిప్పులోనే ఎందుకు? కొట్టుకుపోతూ వేటాడదాం, దిబ్బ దాటాక మళ్ళీ పైకి తెడ్డు వేసి రావచ్చు. వేగం తగ్గించడానికి నీళ్ళలో తెరుచుకునే చిన్న గొడుగు లాంటి డ్రోగ్ చాలు. 60 మీటర్ల తాడు కూడా పోయిందని నాకు లోపల సంతోషం. కెరటాల్లో తాడంటే భయం పట్టుకుంది. తెడ్డు తాడు కూడా అలల్లో విప్పేస్తున్నాం, బయటికెళ్ళాక కట్టుకుంటాం.

గాలాల సంగతి రెండు ముక్కల్లో: 60, 80 గ్రాముల జిగ్‌లు (లోతుకు దించి కుదిపే బరువైన ఎరలు), వెళ్తూ వస్తూ వెనక లాగడానికి ఒక ఎర బొమ్మ, పళ్ళున్న చేపలు కొరికి తెంపకుండా గాలం ముందు కట్టే జానెడు తీగ, లీడర్. అంతే. పట్టిన చేపను పక్కన వేలాడదీయం, రక్తం వాసనకు సొరలు వస్తాయి. ఐసు సంచిలోకే.

కాటా: 14 కిలోలు.

41వ రోజు

చెల్లి ఒడ్డున కాపలా ఉంటానంది. ప్లానంతా ఒక కాగితం మీద రాసిచ్చాను. ఎక్కడ దిగుతాం, ఎటు వెళ్తాం, కయాక్‌ల రంగు, జాకెట్ల రంగు. చదివి ఒక్క ప్రశ్న అడిగింది.

"అన్నయ్యా, నేను ఎన్నింటికి కంగారు పడాలో ఇందులో లేదేం?"

నెలన్నరగా ఇంత ఆలోచించి అది రాయలేదు. రాశాం. 10కి ఒడ్డుకు. 10:30 దాకా ఊరుకోవాలి. 10:30కి ఫోన్, రేడియో రెండూ ప్రయత్నించాలి. 11:15కి జవాబు లేకపోతే ఇంకేమీ ఆలోచించకుండా తీర రక్షణకు ఫోన్. "వస్తారులే" అనుకోవడం నిషేధం. వెంటనే ఫోన్ తీసి 11:15కి అలారం పెట్టుకుంది.

తను అడిగాక దిగంతం లెక్క వేశాను. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. కయాక్‌లో నా కన్ను నీటికి 80 సెంటీమీటర్ల పైన, అంటే దిగంతం 3.2 కిలోమీటర్లే. దిబ్బ 4.5 దగ్గర. అక్కడి నుంచి నాకు ఇసుక కనిపించదు. ఒడ్డున ఎత్తుగా ఉన్నవే కనిపిస్తాయి. రెండు గుర్తులు ఎంచుకుని వాటి దిక్కులు దిక్సూచితో రాసుకున్నాను. నాకే ఒడ్డు కనిపించకపోతే, నీళ్ళకు అంటుకుపోయిన మమ్మల్ని పెద్ద పడవ వాళ్ళు చూస్తారనుకోవడం అత్యాశ. అందుకే ఎత్తు కర్రకు జెండా, మబ్బుగా ఉంటే చేతిలో తెల్ల లైటు.

చేతి వీహెచ్‌ఎఫ్ రేడియోలకూ ఇదే జబ్బు. 5 వాట్లున్నా చూపు ఆనినంత మేరే పని చేస్తాయి, నీటి మట్టంలో కూర్చుంటే కొద్ది మైళ్ళు. ఆపదలో పిలవాల్సింది 16వ ఛానల్, 156.8 మెగాహెర్ట్జ్. అంతకు మించి కావాలంటే ఉపగ్రహాలకు వినిపించే 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ, అంటే ఒంటి మీద ఉంచుకునే ఆపద సంకేత పరికరం. చెరొకటి, ముందే రిజిస్టర్ చేయించి. రెండూ జాకెట్‌కే, కయాక్‌కి కాదు, ఎందుకంటే కయాక్ మన దగ్గర లేనప్పుడే వాటి అవసరం. ఫోన్ కూడా ఉంటుంది కానీ తడి వేళ్ళకు తెర పలకదు. బాత్రూంలో ప్రయత్నించి చూశాను.

46వ రోజు

గాలి హద్దు: 10 నాట్లు (వరి నాట్లు కాదు, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు). గాలి వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లు, అందుకే 8కీ 16కీ తేడా రెట్టింపు కాదు. ఎదురుగాలి కన్నా నాకు భయం పొద్దున్నే ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి. అది వీస్తుంటే ఒడ్డున నీళ్ళు అద్దంలా ఉంటాయి, వెళ్ళడం అదృష్టంలా ఉంటుంది. తిరిగేటప్పుడు గానీ బిల్లు రాదు. ఆ దిక్కున 6 నాట్లు దాటితే వెళ్ళం.

అల హద్దు: తిన్నె మీద 80 సెంటీమీటర్లు, వంగి కొలిచి.

49వ రోజు

5:20. ఒడ్డు. గాలి 4 నాట్లు. అంచనాలో అల 0.8 మీటర్లు. కారు మీద నుంచి కయాక్‌లు దించాం, చక్రాల మీద నీళ్ళ దాకా తెచ్చాం.

నీళ్ళు నున్నగా ఉన్నాయి. మరీ నున్నగా. ఐదు నిమిషాలు ఒక్క కెరటం లేదు. బావ అప్పటికే సీటు మీద ఒక కాలు వేశాడు. "ఇంతకన్నా మంచి రోజు రాదు, పద" అన్నాడు. ఇరవై నిమిషాలు చూడాలని రాసుకున్నాం కదా అన్నాను. "రాసుకున్నది నువ్వు" అన్నాడు.

ఎనిమిదో నిమిషంలో వచ్చాయి. దిగంతం మీద ముందు మందపాటి గీతలు, తర్వాత తిన్నె మీద ఒక్కొక్కటీ లేచి నిలబడి, రిప్ బాటతో సహా ఈ చివర నుంచి ఆ చివర దాకా కూలాయి. వంగాల్సిన పని లేకపోయింది, నిలబడే కొలిచాను. మీటరున్నర. ఏడు వచ్చాయి. మళ్ళీ నున్నన.

ఫోన్‌లో అంచనా మళ్ళీ తీసి చూశాం. 0.8 మీటర్లే, కానీ పక్కనే చిన్న అంకె, పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి) 14 సెకన్లు. నేను చూసింది మొదటి అంకె ఒక్కటే. అల శక్తి ఎత్తు వర్గానికీ పీరియడ్‌కీ కలిపి పెరుగుతుంది. 0.8 మీటర్లు 14 సెకన్ల అల ముందు, 1 మీటరు 6 సెకన్ల అల తేలిక. పైగా పీరియడ్ ఎక్కువున్న అల లోతు తగ్గేకొద్దీ ఇంకా ఎత్తు పోసుకుని విరుగుతుంది. అంచనాలో ఇచ్చే ఎత్తు కూడా అన్నిటికన్నా పెద్దదాని ఎత్తు కాదు, పైన ఉన్న మూడో వంతు అలల సగటు. వెయ్యి అలలు చూస్తే అందులో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. పది సెకన్లకో అల అనుకుంటే వెయ్యి అలలంటే మూడు గంటల లోపే. మా ట్రిప్పు నాలుగు గంటలు.

కయాక్‌లు మళ్ళీ కారెక్కించాం. బావ దారంతా మాట్లాడలేదు. ఇల్లు చేరాక "రెండు అలలేగా అన్నాను కదూ" అన్నాడు. డైరీ చూపించాల్సిన అవసరం రాలేదు.

57వ రోజు

తొడ తగ్గింది. చెరువులో తిరిగి ఎక్కడం 35 సెకన్లు. హద్దుల కాగితంలో కొత్త గీత: పీరియడ్ 10 సెకన్లు దాటితే 60 సెంటీమీటర్లే.

64వ రోజు

5:15కి ఒడ్డు. అల 55 సెంటీమీటర్లు, 9 సెకన్లు, గాలి 5 నాట్లు, ఒడ్డుకు సమాంతరంగా. మధ్యలో పెద్ద అలలు రావడంతో తిన్నె జరిగిపోయింది. పాత రిప్ బాట పూడిపోయి, 40 మీటర్లు ఎడమకు కొత్తది తెగింది. 11వ రోజు గీసిన పటం జేబులోనే మడిచి పెట్టుకున్నాను. మళ్ళీ ఇరవై ఐదు నిమిషాలు చూశాం. ప్లగ్గు బిగించి, తాళం దాచుకున్నాం.

6:05. బావ ముందు. గుంపులో ఆఖరిది విరగగానే కదిలాడు, నేను ఒడ్డున సెకన్లు లెక్కపెట్టాను. 49కి తిన్నె అవతల తెడ్డు ఎత్తాడు. నా వంతు. రెండో కెరటం ముక్కు మీద విరిగి ఒళ్ళంతా తడిసింది, తెడ్డు ఆపలేదు. 61 సెకన్లని చెల్లి తర్వాత చెప్పింది. అవతలికి వెళ్ళాక చేతులు వణికాయి, ఫైండర్ తెర స్క్రూ ఎక్కించడానికి మూడు ప్రయత్నాలు.

7:05కి దిబ్బ. తెర మీద చదునుగా వస్తున్న గీత ఉన్నట్టుండి మూడు మీటర్లు లేచింది. చెప్పిన చోటే ఉంది. వెనక్కి తిరిగితే నిజంగానే ఇసుక లేదు, ఎంచుకున్న రెండు గుర్తులు మాత్రం పుల్లల్లా నిలబడి ఉన్నాయి.

చేపల గురించి రాయడానికి ఎక్కువ లేదు. మూడు సార్లు కొట్టుకుపోతూ దిబ్బ దాటాం. బావకు జిగ్ మీద రెండు రాతి చేపలు. నాకు ఒకటి తగిలి కయాక్‌ను ముక్కు తిప్పి ఇరవై మీటర్లు లాక్కుపోయి, రాయికి రాసి తీగ తెంపుకుపోయింది. అప్పుడు టైము 8:47. మూడు నిమిషాలు మిగిలున్నాయి. ఇంకోసారి జిగ్ దించాలని చెయ్యి లాగింది. బావ నా మొహం చూసి ఏమీ అనలేదు, తన రాడ్లు విప్పి లోపల పెట్టడం మొదలుపెట్టాడు. నేనూ విప్పాను. వస్తూ లాగిన ఎర బొమ్మకు చిన్న ట్యూనా ఒకటి పడింది, అది నాదే.

9:50కి తిన్నె వెలుపల. రాడ్లు, ఫైండర్, జెండా అన్నీ లోపలికి. తెడ్డు తాళ్ళు విప్పాం. అక్కడ పన్నెండు నిమిషాలు వెనక్కి తెడ్డు వేస్తూ అలల వీపులు చూస్తూ ఆగాం. సముద్రం వైపు నుంచి చూస్తే కెరటం విరగడం కనిపించదు, నున్నటి వీపు మాయమవడమే కనిపిస్తుంది. అందుకే చెల్లి ఒడ్డున చేతులెత్తి సైగ చేసే ఏర్పాటు. గుంపు పోయింది, రెండు చేతులూ ఎత్తింది. ఆఖరి కెరటం వీపు మీద, దాన్ని దాటకుండా, దాని వెనకే తెడ్డు వేస్తూ వచ్చాను. చివరి పది మీటర్లలో చిన్నది ఒకటి తోక తిప్పింది. నురగ వైపు వాలాను. ఆగింది. దిగాను, సముద్రం వైపే.

బావ తిరగబడ్డాడు, మోకాలి లోతులో, టోపీ పోయింది. కయాక్ పక్కనే, సముద్రం వైపు లేచాడు. సంచి జిప్పు వేసే ఉంది, చేపలు రెండూ ఉన్నాయి. 10:04.

65వ రోజు

అన్నీ మంచినీళ్ళతో కడిగాం. నా కయాక్ వెనక హ్యాచ్‌లో (సామాన్లు పెట్టే మూత ఉన్న అర) గ్లాసుడు నీళ్ళు, రబ్బరు అంచు ఒకచోట పగిలింది, మార్చాలి. ఒక రీల్‌లో ఇసుక కరకరమంటోంది. బావకు టోపీకి గడ్డం తాడు. తీగ లీడర్ ఇంకాస్త పొడవు.

11:15కి చెల్లి ఫోన్‌లో అలారం మోగిందట. నిన్న మేం వచ్చాక ఆపింది గానీ, రోజూ మోగేలా పెట్టుకుంది. "తీసెయ్యనా, ఉంచనా అన్నయ్యా?" అని మెసేజ్. పట్టిక చూశాను. 8 గంటల పోటు మళ్ళీ 14 రోజులకు. ఉంచమన్నాను.